కారణం తెలీని జబ్బు

బావ ఊళ్ళో లేడని ఈరోజు మావయ్యని డయాలసిస్‌కి సోంపేట నేనే తీసుకెళ్ళా. వారానికి మూడుసార్లు, వెళ్తే నాలుగు గంటలు మెషీన్ పక్కనే. ఎడం చేతి మీద ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం, తాడులా ఉబ్బిపోయి ఉంది, వేలు పెట్టి చూడమన్నాడు, లోపల రక్తం జుయ్యిమని పరిగెడుతుంటే వేలికి తెలుస్తోంది. శ్రీకాకుళం జిల్లాలో, ఎంతోమందికి కిడ్నీలు పాడైపోతున్న మా ఉద్దానంలో పుట్టి, కొబ్బరితోటలోనే పెరిగిన మనిషి, ఇప్పుడు బొండం నీళ్ళు తాగకూడదు, పొటాషియం ఎక్కువంట. మంచినీళ్ళు కూడా చిన్న గ్లాసుతో కొలిచే.

మెషీన్ మీద ఉండగా అడిగాడు, "దేవుడికి మన ఉద్దానం మీదే ఏటి కోపం రా? మనమేటి పాపం సేసినాం?"

నాకేం చెప్పాలో తోచలేదు. ఇన్నేళ్ళనుంచి ఎంతమందో వచ్చి నీళ్ళు పరీక్ష చేశారు, మట్టి చేశారు, సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అన్నారు, నొప్పిమాత్రలు అన్నారు, వంశపారంపర్యం అన్నారు, ఇదీ అని ఖాయంగా మాత్రం తేలలేదు. శ్రీలంకలో వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు తోటల్లో పనిచేసేవాళ్ళకీ ఇలాంటి కిడ్నీ జబ్బే వస్తోంది, మరి వాళ్ళందరి మీదా కూడా కోపమేనా? హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు తెచ్చారు, పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రీ, రీసెర్చ్ సెంటరూ పెట్టారు, మంచిదే, కానీ కారణం ఇంకా చేతికి చిక్కలేదు.

అత్త అయితే పూర్వజన్మ కర్మ అంటాది. ఆ మాట వింటే నాకు కడుపు రగిలిపోతాది. జబ్బు చాలదన్నట్టు పైనుంచి తప్పు కూడా ఆయన మీదే వేస్తే ఎలా? నాకు దేవుడంటే నమ్మకం ఉంది, గట్టిగానే ఉంది, కానీ మనకి అర్థం కాని ప్రతిదానికీ ఆయన కోపమనో, మన పాపమనో పేరు పెట్టేయడం భక్తి అని నేననుకోను. మన బుర్రకి అందంది చాలా ఉంటాది, అందలేదని ఒప్పుకుంటే దేవుడేం చిన్నబుచ్చుకోడు.

"తెలీదు మావయ్యా, కానీ నువ్వేం పాపం చెయ్యలేదు" అన్నా. కాసేపు నావైపే చూసి, సరేలే అన్నాడు.

ఆదివారం అరసవల్లి వెళ్దామంది అత్త. సూర్యనారాయణమూర్తి ఆరోగ్యమిచ్చే దేవుడు కదా, వెళ్తాను. మావయ్య గురించి ఎలాగూ మొక్కుతాను, దాంతోపాటు ఈ జబ్బుకి కారణం ఎక్కడో ఏ ల్యాబులోనో ఎవరికో ఒకరికి తొందరగా దొరకాలని కూడా అడుగుతాను.