కొత్త జోడీతో చిలికాలో రేసు: నా అనుభవం

మాది బరంపురం. ఇద్దరు నడిపే 420 అనే తెరచాప పడవలో నేను చుక్కాని పడతాను. నాకు జోడీగా ఉన్న అమ్మాయి చదువుకని విశాఖ వెళ్లిపోయింది. చిలికా సరస్సు ఒడ్డునున్న రంభలో యూత్ రెగట్టా, అంటే యువతకి పెట్టే పడవ పోటీలు, దగ్గరపడుతుంటే కోచ్ గారు గోపాలపూర్ నుంచి ఒక తమ్ముణ్ణి తీసుకొచ్చారు. వాళ్లది సముద్రం మీద వేటతో బతికే తెలుగు కుటుంబం. గాలిని నాకన్నా ముందే పసిగడతాడు. రేసు మాత్రం అదే మొదటిసారి.

420 పొడవు 4.2 మీటర్లు. చుక్కాని, పెద్ద తెరచాప నావి. ముందరి చిన్న తెరచాప, ట్రాపీజ్ వాడివి. ట్రాపీజ్ అంటే, నడుముకి కట్టుకున్న హార్నెస్ పట్టీని తెరచాప కొయ్య నుంచి దిగే తీగకు తగిలించి, పాదాలు పడవ అంచున ఆనించి, ఒళ్లంతా నీళ్ల మీదికి వాల్చడం. గాలి సడలగానే లోపలికి రాకపోతే ఇద్దరం నీళ్లలోనే.

అందుకే ముందు మాటలు కుదుర్చుకున్నాం. గాలి తోసుకొచ్చే చోట నీళ్లు నల్లబడతాయి. అది చూసి వాడు "అక్కా, గాలి! మూడు, రెండు, ఒకటి" అంటాడు. ఒకటి అనేసరికి వాడు బయటికి వాలి ఉండాలి, నేను పెద్ద తెరచాప తాడు కాస్త వదలాలి. పడవ తిప్పాలంటే నేను "రెడీనా?" అంటాను. వాడు "రెడీ" అనేదాకా చుక్కాని కదలదు. కొత్తవాళ్లతో పడవ ఎక్కేవాళ్లు అన్నిటికన్నా ముందు ఈ పని చేయాలని నా గట్టి నమ్మకం. ముడులు, లాగుడు తర్వాతైనా వస్తాయి.

రేసు రోజు స్టార్ట్ దగ్గరే అసలు టెన్షన్. ఐదు నిమిషాల ముందు మొదటి జెండా, నాలుగుకి రెండోది లేస్తాయి. ఒక నిమిషం ఉందనగా రెండోది దిగుతుంది. గీత ముందే దాటితే వెనక్కి రావాలి. వాడు వాచీ చూసి సెకన్లు చెబుతుంటే నేను పక్క పడవల మధ్య ఖాళీ వెతుక్కున్నాను.

చిలికాకి తనదైన ఇబ్బంది ఒకటుంది, నాచు. చుక్కానికి చుట్టుకుంటే పిడి బరువెక్కుతుంది, పడవ ఈడ్చుకుంటూ పోతుంది. అలా అనిపించగానే నేను చుక్కాని దులిపేదాన్ని, వాడు సెంటర్‌బోర్డ్, అంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక, పైకెత్తి దించేవాడు.

రెండో రేసులో మేం స్టార్‌బోర్డ్ మీద, అంటే కుడివైపు నుంచి గాలి తీసుకుంటూ వెళ్తున్నాం. దారి మాది. పోర్ట్ మీద, అంటే ఎడమవైపు నుంచి గాలి తీసుకుంటూ వస్తున్న పడవ తప్పుకోలేదు. వాడు "స్టార్‌బోర్డ్!" అని గొంతు చించుకున్నాడు. గుద్దుకోకుండా నేను పక్కకి తిప్పి "ప్రొటెస్ట్" అన్నాను, అంటే వాళ్ల తప్పు మీద అభ్యంతరం చెప్పాను. వాళ్లు వెంటనే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకున్నారు. వాడు నేర్చుకున్న నియమం అక్కడే పనికొచ్చింది. నాకెంత సంతోషమేసిందో!

మూడో రేసులో కొండల వైపు నుంచి గాలి విరుచుకుపడి పడవ పక్కకి ఒరిగిపోయింది. చిలికా లోతు తక్కువ. కొయ్య కొన బురదలో దిగితే లేపడం చాలా కష్టం. వాడు మాట్లాడకుండా వెళ్లి సెంటర్‌బోర్డ్ మీద నిలబడ్డాడు. నేను తాళ్లన్నీ వదులు చేసి పడవ లోపలి పక్కని పట్టుకుని తేలుతున్నాను. వాడు వెనక్కి వాలగానే పడవ లేస్తూ నన్నూ లోపలికి ఎత్తుకుంది. తర్వాత వాడి చెయ్యి పట్టి లాగాను.

ఆ రేసులో చాలా వెనకబడ్డాం. ఈ పోటీల్లో ఎన్నో స్థానమైతే అన్ని పాయింట్లు, తక్కువ వచ్చినవాళ్లే గెలుపు. అన్నిటికన్నా వెనకబడ్డ ఒక రేసుని లెక్కలోంచి తీసేస్తామన్నారు, మాకు ఇదే పోయింది. చివరికి మధ్యలో నిలిచాం. కొత్త జోడీకి అది మంచి ఫలితమే అంటాను.

ఇప్పుడు ఆదివారాలు స్పిన్నాకర్ మీదే పని, అంటే గాలి వెనకనుంచి ఉన్నప్పుడు ముందు ఎత్తే బుడగలాంటి తెరచాప. ఎత్తడం బాగానే కుదిరింది. మార్క్ దగ్గర, అంటే పడవలు చుట్టి తిరగాల్సిన గుర్తు దగ్గర, దించడంలోనే ఇంకా ఆలస్యమవుతోంది.