టైగర్ మూతి వాచిన సాయంత్రం

మా టైగర్ ఇవాళ మళ్లీ గేటు దగ్గర మొరిగింది, అందుకే ఇది రాస్తున్నా. పోయిన వారం పరకాల దగ్గర మా పత్తి చేను గట్టు మీద ఏదో వాసన చూస్తూ ఒక్కసారి కుయ్యిమని వెనక్కి దూకింది, కాసేపటికే మూతి ఒక పక్క బూరెలా ఉబ్బింది, రెండు గాట్లలోంచి రక్తం ఆగట్లేదు. బాపు కట్టె పట్టుకొని పాము వెంట పడబోతే నేనే అరిచాను, దాని సంగతి తర్వాత బాపూ, ముందు బండి తియ్యి అని.

పక్కింటి పెద్దమ్మ పసరు పోద్దామంది, ఇంకొకాయన కోసి రక్తం తీయమన్నాడు. కట్టు కట్టమన్నవాళ్లూ ఉన్నారు, మూతికి ఎక్కడ కడతాం చెప్పండి! ఏదీ చేయలేదు. నడవనివ్వకుండా గోనెసంచి మీద పడుకోబెట్టి, వాపు మెడకు దిగితే ఊపిరాడదని బెల్టు తీసేసి హన్మకొండ తెచ్చాం. నా తప్పల్లా ముందు ఫోన్ చేయకపోవడమే. మొదటి చోట విరుగుడు ఇంజెక్షన్ లేదన్నారు, అరగంట పోయింది.

రెండో చోట డాక్టర్ రక్తాన్ని గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టాడు. గడ్డకట్టలేదు, పింజర కాటే అన్నాడు. మనుషులకు ఇచ్చే విరుగుడే కుక్కలకూ ఇస్తారట. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ అదొక్కటే, పొడిని కలిపి సెలైన్‌లో ఎక్కించారు. ఇంట్లో ఉండే నొప్పి గోలీలు మాత్రం వేయొద్దన్నాడు. కట్లపాము కాటుకైతే వాపు కూడా పెద్దగా ఉండదట, కాళ్లు పడిపోతాయట, అది విని నాకు చెమటలు పట్టాయి.

పశువుల అంబులెన్స్ నంబరు 1962 ఇప్పుడు ఫోన్‌లో పెట్టుకున్నా. టైగర్ పెరుగన్నం తిని మళ్లీ గట్టు వైపే చూస్తోంది.