ట్రాలీ ఇంటి బ్యాటరీ: ఎండకాలం నుంచి వానకాలం దాకా

బొలెరో వెనుక లాగే ట్రాలీ ఇంట్లో చెక్కపని, రేకుపని, పరుపులు అన్నీ అయినై. మిగిలింది కరెంటే. ఈసారి రాసేదంతా బ్యాటరీ గురించే. రిజిస్ట్రేషన్ ఎట్ల, వెల్డింగ్ ఎవరితోని చేయించిన అని అడిగేటోళ్ళు జర ఆగాలె, అది వేరే పెద్ద కథ.

పెట్టింది 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల (ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పారితే ఒక ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, ఇండ్లల్ల ఇన్వర్టర్ కింద ఉండేదే. బండ్ల కోసం చేసింది కాదు. ఎత్తు ఎక్కువ, యాభై కిలోల పైనే బరువు, గతుకుల్ల యాసిడ్ ఊగుతది. అయినా ఇదే ఎందుకు పెట్టిన్నంటే, లోతుగ వాడినా తట్టుకుంటది, మూత తీసి లోపల ఏం జరుగుతున్నదో చూడొచ్చు, నల్లగొండల ఏ దుకాణంలోనైనా దొరుకుతది, పాతది ఇస్తే సీసం బరువు లెక్కకు పైసలు కూడా వస్తై. ఇరుసుకు దగ్గర్ల, కింద యాంగిల్ ఫ్రేమ్ కట్టించి, పైనుంచి ఇనుప పట్టీ బిగించిన. పట్టీకి, బ్యాటరీకి నడుమ పాత ట్యూబు ముక్క వేస్తే రాపిడి ఉండదు.

రోజు ఖర్చు ఇట్ల లెక్కేసిన. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లు. చలికాలంల అది ఎక్కువసేపు ఊరికే ఉంటది గాని, ఏప్రిల్ వచ్చిందంటే రోజులో సగానికి పైగా తిరుగుతనే ఉంటది. దానికే 54 ఆంపియర్ అవర్లు. 24 వాట్ల ఫ్యాన్ రాత్రంత ఎనిమిది గంటలు తిరిగితే 16. లైట్లు, ఫోన్లు కలిపి 8. మొత్తం 78. సీసం బ్యాటరీని సగానికంటె కిందికి దింపొద్దనేది నా నియమం, అంటే 75. లెక్క అంచుమీద ఉన్నది. అందుకే రోజూ పూర్తిగ నిండుతున్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న అయింది.

మొదటి గందరగోళం వోల్టేజీతోనే వచ్చింది. ఎక్కడ చూసినా నిండిన బ్యాటరీ 12.7 చూపించాలె అని రాసుంటది. నాది రాత్రంత చార్జింగ్ పెట్టి, తీసి, మూడు నాలుగు గంటలు ఆగి చూస్తే 12.5 దాటేది కాదు. బ్యాటరీ పాతదేమో అని అనుమానం. క్లాక్ టవర్ దిక్కు బ్యాటరీ దుకాణం అన్న దగ్గరికి పోతే మీటర్ వంక చూడనే లేదు. మూతలు తీసి, యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటర్ ముంచి, "గ్రావిటీ పన్నెండు నలభై ఉన్నది, ఇగ ఇంతకంటె ఏం నిండుతది సార్" అన్నడు.

సంగతేందంటే, మన దగ్గర అమ్మే ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలల్ల యాసిడ్ జర పలుచగ పోస్తరు. నిండినప్పుడు గ్రావిటీ 1.240 (దుకాణం అన్న మాటల పన్నెండు నలభై) దగ్గర ఉంటది, 27 డిగ్రీల లెక్కకు. కార్ల బ్యాటరీలల్ల 1.270 పైచిలుకు. 12 వోల్టుల బ్యాటరీల ఆరు సెల్లు, అంటే ఆరు గదులు ఉంటై. ఒక్కో సెల్ వోల్టేజీ సుమారుగ గ్రావిటీకి 0.84 కలిపినంత. అంటే 1.240కి 0.84 కలిపి ఆరు సెల్లకు గుణిస్తే 12.48. నా మీటర్ చూపించింది సరిగ్గ అదే. ఆ 12.7 పట్టిక కారు బ్యాటరీది. దాన్ని పట్టుకొని చార్జింగ్ పెంచుకుంట పోతే మంచి బ్యాటరీ నీళ్ళన్నీ మరిగి పోతై. అప్పటినుంచి వోల్టేజీని దారి మీద అంచనాకే వాడుతున్న. అసలు మాట హైడ్రోమీటర్‌దే. ఖరీదు కూడా పెద్దగ ఉండదు, గాజు పగలకుంట పాత గుడ్డల చుట్టి పెట్టుకోవాలె, అంతే.

ఒక తిరకాసు మాత్రం ఉన్నది. వేడికి యాసిడ్ వ్యాకోచించి గ్రావిటీ తక్కువ చూపిస్తది. 27 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి 0.0007 కలుపుకోవాలె. ఏప్రిల్ మధ్యాహ్నం యాసిడ్ 42 డిగ్రీలుంటే 15 డిగ్రీలకు సుమారు 0.010. అంటే 1.230 కనిపించినా అది 1.240 కిందే లెక్క. నేనైతే పొద్దుగాల ఆరింటికే చూస్త. వేడి లెక్క కలిపే పని తప్పుతది, నడుం కూడా చల్లగుంటది.

ఇగ ఎండ సంగతి. ఈ పనిల ఎక్కువ టైం పట్టింది దీనికే. మే నెలల నల్లగొండ 45 డిగ్రీలకు ఎక్కడం మనకు కొత్త కాదు. మొదట్ల బ్యాటరీ పెట్టె ట్రాలీ ముందటి కొక్కెం మీద, నల్ల రంగు రేకు పెట్టెల ఉండేది. థర్మామీటర్ పెట్టి చూస్తే లోపల బయటికంటె ఇంకా వేడి. సీసం బ్యాటరీకి పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమైతది. పైగా వేడి మీద చార్జర్ ఎప్పటిలెక్క 14.4 వోల్టులే ఇస్తే బ్యాటరీ ఎక్కువ కరెంటు గుంజుకొని, బుడగలు లేపి, ఇంకా వేడెక్కుతది. అందుకని రెండు మార్పులు చేసిన. పెట్టెను ఇరుసు దగ్గర నేల కిందికి నీడలకు దించిన, పైన తెల్ల రంగు కొట్టించిన. చార్జర్‌కు ఉష్ణోగ్రత చూసే సెన్సర్ వైరును నెగటివ్ టెర్మినల్ బోల్టు కింద బిగించిన.

ఆ సెన్సర్ చేసేదేందంటే, 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి సెల్‌కు 4 మిల్లీవోల్టుల చొప్పున చార్జింగ్ వోల్టేజీని తగ్గిస్తది. పెట్టెల 45 డిగ్రీలుంటే 20 డిగ్రీల తేడా, ఆరు సెల్లు, మొత్తం దగ్గర దగ్గర అర వోల్టు. 14.4 కాస్త 13.9 అయితది. సెన్సర్ లేని చార్జర్ ఉన్నోళ్ళు చేతితోనే మార్చుకోవాలె: మార్చి చివర్ల తగ్గించి, తొలకరి పడ్డంక మళ్ళ పెంచాలె. ఇది మరిచిపోతే చలికాలంల సగం నిండుతది, ఎండకాలంల ఉడుకుతది. ఈ రెండు మార్పులైనంక నీళ్ళు పోసే పని బాగ తగ్గింది. నాకు ఇంతకంటె పెద్ద లాభం ఇంకెందులో కనిపించలే.

పెట్టెకు గాలి రంధ్రాలు కింద ఒక దిక్కు, పైన ఎదురు దిక్కు. చార్జింగ్ చివర్ల లేచే హైడ్రోజన్ గాలికంటె తేలిక, పైకే పోతది. గాలిల అది 4 శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పెట్టె నోరు పడుకునే దిక్కు లేదు, గ్యాస్ పొయ్యి దిక్కు అసలే లేదు.

నీళ్ళ గురించి మన జిల్లావాళ్ళకు ప్రత్యేకంగ చెప్పాలె. ఫ్లోరైడ్ నీళ్ళకు మనూరి పేరు ఎంత పోయిందంటే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడ్డది. బోరు నీళ్ళు బ్యాటరీల పోయొద్దని అందరికీ తెలుసు. కాని ఫిల్టర్ నీళ్ళు పోయొచ్చు అనుకునేటోళ్ళు చానమంది. ఫిల్టర్ ప్లాంటు నీళ్ళల్ల కూడా లవణాలు మిగులుతై, తాగడానికి అవి ఉండాలె కూడా. బ్యాటరీకి మాత్రం క్లోరైడ్ వల్ల పాజిటివ్ ప్లేటు తినిపోతది, ఇనుము ఉంటే వాడకున్నా చార్జింగ్ దిగిపోతది. నీళ్ళు ఆవిరైపోతై, లవణం ఆడనే ఉంటది, ప్రతిసారీ పెరుగుకుంట పోతది. డిస్టిల్ వాటర్ డబ్బా ఒకటే మార్గం. ఏసీ నుంచి కారే నీళ్ళు పోయొచ్చు అని ఒకాయన గట్టిగ వాదించిండు. ఆ నీళ్ళు అల్యూమినియం రెక్కల మీదికెళ్ళి, రాగి గొట్టాల మీదికెళ్ళి, దుమ్ము కడుక్కుంట వస్తై. ఆయన బ్యాటరీ ఆయనిష్టం.

పోసేది చార్జింగ్ అయినంకనే. ముందే నిండుగ పోస్తే చార్జింగ్‌ల మట్టం పెరిగి యాసిడ్ పైకి పొర్లుతది. ప్లేట్లు తేలి కనిపిస్తుంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి, చార్జింగ్ పెట్టి, తర్వాత గుర్తు దాకా నింపాలె. యాసిడ్ ఎన్నడూ కలపొద్దు, పోయింది నీళ్ళే గనుక. కండ్లద్దాలు పెట్టుకొని, పక్కన ఒక బకెట్ల నీళ్ళు, వంటసోడా పెట్టుకుంటే మంచిది. టెర్మినల్ మీద తెల్లగ, పచ్చగ పూసేదాన్ని అదే సోడా నీళ్ళతోని బ్రష్ కొట్టి కడిగి, ఆరినంక వ్యాజిలిన్ రాస్తున్న. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

బండి నడుస్తుంటే డైనమో నుంచి చార్జింగ్ అయితది కదా అని తేలికగ తీసుకునేటోళ్ళకు ఈ లెక్క. ఇంజిన్ నుంచి ట్రాలీ బ్యాటరీ దాకా వైరు 8 మీటర్లు, పోనురాను 16. ఎలక్ట్రీషియన్ మొదట చూపించింది 4 చదరపు మిల్లీమీటర్ల వైరు. దాని నిరోధం 0.07 ఓమ్‌లు. 15 ఆంపియర్లు పారితే ఒక వోల్టుకు పైగా దారిలనే పోతది. డైనమో దగ్గర 14.2 ఉన్నా ట్రాలీల 13.1 చేరుతది. దాంతోని బ్యాటరీ ఎక్కుతున్నట్టే కనిపిస్తది గాని నిండదు. సగం నిండి వారాలు ఉన్న సీసం బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా కరగదు.

16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అదే నష్టం పావు వోల్టు. అది వేసి, ట్రాలీల బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల డీసీ–డీసీ చార్జర్ పెట్టిన. వచ్చిన వోల్టేజీ ఎంతున్నా అది తనకు కావల్సినంతకు పెంచుకుంటది. ట్రాలీ లైట్ల ఏడు పిన్నుల ప్లగ్గు గుండ ఇంత కరెంటు తీయొద్దు, పిన్నులు కాలుతై. వేరే 50 ఆంపియర్ల ఆండర్సన్ కనెక్టర్ (ఎక్కువ కరెంటు తట్టుకునే ప్లగ్గు) పెట్టించిన. వైరుకు రెండు కొసలా బ్యాటరీలే గనుక ఫ్యూజ్ కూడా రెండు కొసలా ఉండాలె. తాళం తీస్తే తెగిపోయే రిలే ఒకటి నడుమ ఉన్నది, లేకుంటే రాత్రంత ట్రాలీ బొలెరో బ్యాటరీని కూడా గుంజి, పొద్దుగాల బొలెరో సెల్ఫ్ కొట్టదు.

దేవరకొండ, డిండి మీదుగ మన్ననూరు పోతే ట్రాలీతోని సుమారు మూడు గంటలు. అంటే 60 ఆంపియర్ అవర్లు దారిలనే ఎక్కుతై. శ్రీశైలం రోడ్డు మీద అడవి గేటు రాత్రి తొమ్మిదికి వేసి పొద్దుగాల ఆరుకు తీస్తరు, కాబట్టి ఆలస్యమైతే ఈవలనే ఆగాలె. ఆ రాత్రి ఫ్యాన్, ఫ్రిజ్ నడిచినా బ్యాటరీ గురించి ఆలోచించే పని పడలే.

పైన 330 వాట్ల సోలార్ పలక ఒకటి. ఇది పనిచేసే వోల్టేజీ 37 దగ్గర, కరెంటు 9 ఆంపియర్ల లోపు. చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్ (పలకను నేరుగ బ్యాటరీకి కలిపే రకం) పెడితే ఆ 9 ఆంపియర్లనే 13 వోల్టుల మీద బ్యాటరీకి ఇస్తది, అంటే 115 వాట్లే. మిగతాది గాలికి. ఎంపీపీటీ (ఎక్కువ వోల్టేజీని దించి కరెంటు పెంచే రకం) పెడితే ఎండల 18, 19 ఆంపియర్ల దాకా చూసిన. పలక వాట్లు 25 డిగ్రీల లెక్కకు రాసినయి. మేల పలక 65 డిగ్రీలు వేడెక్కితే డిగ్రీకి 0.4 శాతం చొప్పున 16 శాతం పోతది. రేకుకు ఆనించకుంట నాలుగు అంగుళాలు లేపి బిగిస్తే కింద గాలి ఆడుతది. మంచి ఎండరోజు 80 నుంచి 90 ఆంపియర్ అవర్లు వస్తున్నై, ఖర్చుకు సరిపోతది. సోమశిలల కృష్ణ ఒడ్డున ముసురు పట్టినప్పుడు 25 కూడ దాటలే. ఫ్రిజ్ బంద్ చేసి, కొల్లాపూర్‌ల ఐస్ తెచ్చి డబ్బాల వేసుకున్నం.

వానకాలంల బండి ఎక్కువగ ఇంటి వాకిట్ల రేకుల కిందనే ఉంటున్నది. అన్నీ ఆర్పినా క్లాంప్ మీటర్ 1.1 ఆంపియర్ చూపించింది. ఎక్కువ భాగం ఊరికే ఆన్ ఉన్న ఇన్వర్టర్‌ది, మిగతాది స్టీరియోది. రోజుకు 26 ఆంపియర్ అవర్లు, మూడు రోజులల్ల సగం బ్యాటరీ ఖాళీ. మెయిన్ కటాఫ్ స్విచ్ పెట్టిన, అయితే సోలార్ కంట్రోలర్‌ను స్విచ్‌కు ఇవతల, బ్యాటరీ దిక్కే ఉంచిన. బ్యాటరీ లేకుంట పలక కరెంటు కంట్రోలర్‌కు తగలొద్దు. కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, పలక తర్వాత. విప్పేటప్పుడు తిరగేసి. నెలకు ఒకసారి ఇంటి కరెంటు మీద 15 ఆంపియర్ల చార్జర్‌తోని నింపి, 13.5 మీద వదులుతున్న.

లిథియం ఎందుకు పెట్టలే అని అడిగేటోళ్ళకు: పెడత, ఇది అయిపోయినంక. 100 ఆంపియర్ అవర్లది పది, పదమూడు కిలోలే ఉంటది, దాదాపు అంత వాడుకోవచ్చు, సగం నిండి ఉన్నా సల్ఫేటు భయం లేదు. నిజానికి ఊరికే పెట్టేటప్పుడు సగం మీద ఉంచడమే దానికి మంచిది. కాని వేడి దానికీ పడదు, లోపల ఏ సెల్ దిగిందో మూత తీసి చూసుకోలేం, ధర కూడ ఇంకా దిగాలె.

పోయిన వారం గ్రావిటీలు, వేడి లెక్క కలిపి: 1.240, 1.240, 1.225, 1.235, 1.240, 1.240. మూడో సెల్ 15 పాయింట్లు (0.015) వెనుక ఉన్నది. 30 దాటితే ఆ సెల్‌ను అనుమానించాలె. అంతదాకా రానీయకుంట ఈ ఆదివారం ఫ్రిజ్, లైట్ల వైర్లు విప్పి, తక్కువ కరెంటు మీద 15.5 వోల్టుల దాకా ఈక్వలైజ్ చార్జింగ్ (సెల్లన్నిటినీ సమానం చేసే చార్జింగ్) పెడత. గంట గంటకు గ్రావిటీ రాసుకుంట, వరుసగ మూడుసార్లు పెరగకుంటే ఆపేస్త. యాసిడ్ 50 డిగ్రీలు దాటినా అంతే.