సీడీ ప్లేయర్‌కి అంత డబ్బా?

మూడు లక్షల లోపు మంచి సీడీ ప్లేయర్ ఒకటి చూస్తున్నానంటే మా తమ్ముడు నవ్వాడు. "అన్ని పాటలూ ఫోన్‌లో వస్తుంటే ఇప్పుడు సీడీలేంటన్నయ్యా?" అన్నాడు. ఇంట్లో రెండు బీరువాల నిండా సీడీలున్నాయి. కర్ణాటక కచేరీలు, ఘంటసాల పాత పాటలు, వీణ, నాదస్వరం. వీటిలో కొన్ని రికార్డింగులు ఆన్‌లైన్‌లో నాకు ఎక్కడా కనపడలేదు. ఇవి కాక మా మామయ్య పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లో రాసి ఇచ్చిన సీడీ-ఆర్‌లు ఒక అట్టపెట్టెడు. ఏ ప్లేయర్ కొనాలన్నది చివరికి తేల్చింది ఈ అట్టపెట్టే.

మొదట తేల్చుకోవాల్సింది ఎస్ఏసీడీ కావాలా వద్దా అని. సూపర్ ఆడియో సీడీ అని, మామూలు సీడీ కన్నా మెరుగైన ధ్వని కోసం సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో తెచ్చిన ఫార్మాట్ అది. జపాన్ కంపెనీల ఖరీదైన ప్లేయర్లలో చాలావరకు దాన్ని కూడా చదువుతాయి. నా బీరువాల్లో మాత్రం ఒక్క ఎస్ఏసీడీ కూడా లేదు. పైగా మామూలు సీడీని చదివేది 780 నానోమీటర్ల లేజర్, ఎస్ఏసీడీకి కావాల్సింది 650 నానోమీటర్లది. రెండూ చదవాలంటే లోపలి పికప్, అంటే లేజర్‌తో డిస్కుని చదివే భాగం, అంత క్లిష్టమవుతుంది. పాడైతే అదే పికప్ మళ్లీ దొరకాలి. నేను వాడని సౌకర్యానికి ఆ తలనొప్పి ఎందుకని యమహా సీడీ-ఎస్2100, మరాంట్జ్ ఎస్ఏసీడీ 30ఎన్ రెండూ లిస్టులోంచి తీసేశాను. మరాంట్జ్ తీసేసేటప్పుడు కాస్త మనసు పీకింది, ఒప్పుకుంటాను.

తర్వాత ట్రాన్స్‌పోర్టులు. ఆడియోల్యాబ్ 6000సీడీటీ, కేంబ్రిడ్జ్ సీఎక్స్‌సీ లాంటివి డిస్కుని చదివి డిజిటల్ సిగ్నల్ బయటికి పంపుతాయి, అంతే. దాన్ని సంగీతంగా మార్చే డ్యాక్ విడిగా ఉండాలి. డబ్బు కలిసొచ్చే దారే. కానీ 1980ల నాటి డిస్కులు కొన్నింట్లో ప్రీ-ఎంఫసిస్ అని ఒకటుంటుంది. రికార్డింగులో పై స్వరాలను పెంచి పెడతారు, ప్లేయర్ వాటిని తిరిగి తగ్గించాలి. తగ్గించమని చెప్పే గుర్తు ఒకటి డిస్కులో ఉంటుంది, బయటి డ్యాక్‌లు కొన్ని దాన్ని పట్టించుకోవు. అలాంటప్పుడు తాళాలు, వయొలిన్ చెవిలో గుచ్చుకుంటాయి. అలాంటి పాత డిస్కులు నా దగ్గరా ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకే పెట్టెలో ఉండే ప్లేయరే మేలనుకున్నాను.

సెకండ్ హ్యాండ్ వైపు కూడా చూశాను. విశాఖలో ఒకాయన దగ్గర జపాన్ నుంచి తెచ్చిన పాత ప్లేయర్ ఉందంటే వెళ్లాను. చూడ్డానికి అద్భుతం, ఎత్తడానికి ఇద్దరు కావాలి. అది జపాన్ కరెంటుకి, అంటే 100 వోల్టులకి చేసింది. మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అది సరే. సీడీని లేజర్ లోపలి అంచు నుంచి బయటికి చదువుకుంటూ పోతుంది కాబట్టి, నిండుగా ఉన్న డిస్కు పెట్టి నేరుగా చివరి పాటకి వెళ్లాను. తడబడింది. సీడీ-ఆర్ పెడితే అసలు డిస్కే లేదంది. సీడీ-ఆర్ నుంచి కాంతి తక్కువగా వెనక్కి వస్తుంది, లేజర్ నీరసించిన ప్లేయర్ ముందు తడుముకునేది దాని దగ్గరే. "మీ డిస్కు బాగాలేదండీ" అన్నాడాయన. అదే డిస్కు మా కారులో హాయిగా పాడుతోంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

చివరికి లిస్టులో మిగిలిన రెండు ప్లేయర్లని పోల్చి వినడానికి సీడీల సంచి, ఒక మల్టీమీటర్ పట్టుకుని చెన్నై రైలెక్కాను. మల్టీమీటర్ చూసి షోరూమ్ కుర్రాడు కంగారుపడ్డాడు. సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ సాధారణంగా 2 వోల్టులుంటుంది. ఒకటి 2, ఇంకొకటి 2.3 ఇస్తే తేడా 1.2 డెసిబెల్. అది సౌండ్ పెరిగినట్టు అనిపించదు. "ఇందులో గొంతు ఇంకా స్పష్టంగా ఉంది" అనిపిస్తుంది. అందుకే 100 హెర్ట్జ్ టోన్ రాసిన డిస్కు పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ కొలిచి, రెండు ప్లేయర్లకీ సమానంగా సర్దించాను. ఆ కుర్రాడు నాకు చెప్పకుండా ఇన్‌పుట్ మారుస్తుంటే నేను అటు తిరిగి విన్నాను.

మృదంగం తొప్పి వైపు మోత, తంబూర శ్రుతి, మోనో రికార్డింగులో ఘంటసాల గొంతు రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన నిలబడుతోందా లేదా, ఇవన్నీ శ్రద్ధగా విన్నాను. ఏది ఏ ప్లేయరో చాలాసార్లు చెప్పలేకపోయాను. లక్ష దాటాక ఈ పెట్టెల మధ్య తేడా గురించి చెప్పుకునే కబుర్లలో సగం వాల్యూమ్ తేడాలేనని నా అభిప్రాయం. కోపగించుకునేవాళ్లు మల్టీమీటర్ తెచ్చుకుని మాట్లాడండి.

చెవి తేల్చలేదు కాబట్టి మిగతావి చూశాను. రెండింటిలో ఒకటి మామయ్య సీడీ-ఆర్‌లలో కొన్నింటిని చదవలేదు. రెండోది, రేగా శాటర్న్ ఎంకే3, అన్నీ చదివింది. అది పైనుంచి మూత ఎత్తి డిస్కు పెట్టే రకం. ట్రే లేదు, ట్రేని లాగే మోటారు, రబ్బరు బెల్టు లేవు. సముద్రం పక్క ఊళ్లో ఉండేవాడికి చెడిపోయే భాగం ఒకటి తగ్గినా లాభమే. డ్యాక్ ఇన్‌పుట్లు కూడా ఉండటంతో టీవీ సౌండ్‌కి వేరే పెట్టె కొనే పని తప్పింది. సింగపూర్‌లో ఉన్న మా బావగారు అక్కడ చవకని చెప్పారు గానీ కస్టమ్స్ పన్ను, ఇక్కడ చెల్లని వారంటీ కలిపి లెక్కేస్తే ఆ చవక మిగల్లేదు. కొనే ముందు డీలర్లకి ఈమెయిల్‌లో ఒకే ప్రశ్న వేశాను: లేజర్ పోతే ఎక్కడికి పంపుతారు, మారుస్తారా? ఇద్దరు "అలాంటిదేమీ రాదు సార్" అన్నారు. పికప్ మార్చి ఇస్తామని, రానుపోను రవాణా ఖర్చు మాత్రం మీదేనని రాసిచ్చిన డీలర్ దగ్గరే తీసుకున్నాను.

ఇంటికి వచ్చాక చూస్తే మూత పూర్తిగా తెరుచుకోవడానికి ర్యాక్ అరల మధ్య ఎత్తు చాలదు. ఆంప్లిఫయర్ మీద పెడితే ఆ వేడి దీనికి తగులుతుంది. వడ్రంగిని పిలిచి పై అర తీయించేశాం. అక్కడున్న మా ఆవిడ బొమ్మల కొలువు సామాను ఇప్పుడు సీడీల బీరువాలో ఉంది. అందులోని సీడీలు మంచం కింద.