డండీ కొండల వైన్, మా ఇంటి సాల్మన్ వేపుడు

అక్టోబరు, శనివారం. హిల్స్‌బరో, ఓరెగన్ (అమెరికా).

తెల్లవారినప్పటి నుంచి ముసురు పట్టి ఉంది. ఇంట్లో తప్పనిసరి పనేమీ లేకపోవడంతో పదకొండు గంటలకు మావారూ నేనూ బయలుదేరి, న్యూబర్గ్ మీదుగా డండీ కొండలకు వెళ్ళాము. ద్రాక్ష కోతలు చివరికి వచ్చిన రోజులివి. కొన్ని తోటల్లో ఆకు పసుపు తిరిగింది. దున్నిన చోట మాత్రం నేల మన చెల్క భూముల రంగులో ఎర్రగా కనిపించి, కాసేపు ఓరెగన్‌లో ఉన్నామన్న సంగతే మరపించింది. ఈ మట్టిని జోరీ అంటారు. పాత లావా రాయి యుగాల పాటు చివికి ఏర్పడిన మట్టి ఇది.

అక్కడి ఒక వైన్ తయారీశాలలో, రుచి చూపించే గదిలో మాకు ఐదు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోశారు. ఐదూ పినో నువార్ అనే ఎర్ర ద్రాక్షతో చేసిన వైన్లే. కారు నడపవలసిన మావారు ప్రతి గుక్కనూ నోట్లో తిప్పి, బల్లమీది పాత్రలో ఉమ్మివేశారు. ఆ పనిని పదిమందిలో మర్యాదగా చేయడం ఆయనకు ఇంకా చేతకాలేదు. రంగు చూసి, “ఏమిటోయ్, నీళ్ళు కలిపినట్టుంది” అని నా చెవిలో అన్నారు. ఆ అనుమానం మొదట్లో నాకూ ఉండేది. పినో పండు తొక్క పలుచన. రంగూ వగరూ తొక్కలోంచే దిగుతాయి కనుక, ఈ వైన్ అవతలి వేలు కనిపించేంత తేటగా ఉంటుంది. ఇక్కడివారు టానిన్ అని గంభీరంగా చెప్పేది మన వగరే. క్యాబర్నే అనే మరో ఎర్ర వైన్ తాగితే జామపిందె నమిలినట్టు నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇందులోని వగరు నేరేడుపండు తిన్న కాసేపటికి మిగిలేంత మాత్రమే.

మూడో గ్లాసు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మొదట చెర్రీ వాసన, గ్లాసు తిప్పి మళ్ళీ చూస్తే తడిసిన ఎండుటాకుల వాసన, గుక్క మింగాక దవడల కింద నీరూరించే పులుపు. ఆ పులుపు ఈ చలి ఇచ్చినదే. నలభై అయిదో అక్షాంశం దగ్గర ఉన్న ఈ విల్లామెట్ లోయలో వేసవి పగళ్ళు పొడవుగా ఉన్నా, సాయంత్రమయ్యేసరికి పసిఫిక్ సముద్రపు గాలి కొండల సందుల గుండా వచ్చి తోటలను చల్లబరుస్తుంది. రాత్రి వేడి ఎక్కువగా ఉంటే పండులోని పులుపు త్వరగా హరించుకుపోతుంది. ఇక్కడ తీపి పెరుగుతున్నా పులుపు చాలావరకు నిలుస్తుంది.

ఇంత చలిలో ఈ ద్రాక్ష పండదని పెద్దలు వారించినా వినకుండా, 1965లో డేవిడ్ లెట్ అనే పాతికేళ్ళ యువకుడు పినో మొక్కలను ఈ లోయకు తెచ్చాడు. మరుసటి ఏడాది వాటిని ఈ కొండల్లోనే నాటాడు. అతని 1975 పంట వైన్ 1979లో పారిస్ పోటీలో, పినోకు పేరుపడ్డ ఫ్రాన్సు ప్రాంతం బుర్గుండీ వైన్ల సరసన నిలిచింది, 1980లో ఆ ప్రాంతంలోని బోన్ పట్టణంలో మళ్ళీ పోటీ పెడితే రెండో స్థానంలో వచ్చింది. ఆ రెండో పోటీ పెట్టిన, బుర్గుండీలో వైన్ చేసే ద్రువాఁ కుటుంబమే 1987లో ఇక్కడ భూమి కొన్నది. నాకు ఇంతకంటే గొప్ప కితాబు మరొకటి తోచదు.

మూడో గ్లాసు వైన్‌నే ఒక సీసా కొనుక్కుని వచ్చాము. గత ఏడాది ఇలాంటి సీసానే అతిథుల ముందు గోంగూర మాంసంతో పెట్టి నవ్వులపాలయ్యాను. ఒక ముద్ద తినగానే వైన్ చప్పటి రంగునీళ్ళయింది. వంటలోని పులుపు వైన్ పులుపును మించితే జరిగేది అదేనని తరువాత తెలిసింది. మిరపకారం మరో చిక్కు. ఆల్కహాలు ఆ మంటను ఎగదోస్తుంది.

అందుకే ఈ రాత్రి సాల్మన్ ముక్కలకు చింతపండు, ఎండుమిరపకాయ తగలనివ్వలేదు. ఉప్పు, పసుపు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు పట్టించి, కరివేపాకుతో పెనం మీద వేయించాను. ఈ అడవుల్లో ఇప్పుడు దొరికే షాంటరెల్ పుట్టగొడుగులను నేతిలో వెల్లుల్లితో మగ్గనిచ్చాను. వైన్‌ను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చల్లదనం తగిలీ తగలనట్టు ఉన్నప్పుడు పోశాను. వగరెక్కువ వైన్‌తో చేప తింటే నోట్లో ఇనుము నాకినట్టుంటుంది. దీనితో ఆ బాధ లేదు. చేప కొవ్వును పులుపు కడిగేస్తూ ఉంటే తరువాతి ముద్ద మళ్ళీ కొత్తగా అనిపించింది. పుట్టగొడుగులతో మాత్రం గ్లాసులోని ఎండుటాకుల వాసన రెట్టింపయింది. సాల్మన్ కంటే ఇవే సరైన జోడీ అని నా అభిప్రాయం, మావారు ఒప్పుకోలేదు.

పరీక్ష కోసం నిన్నటి చేపల పులుసు ఒక గరిటె వేసుకుని చూశాను. వైన్ మళ్ళీ చచ్చిపోయింది. గ్లాసు పక్కన పెట్టేసి, ఇంకాస్త అన్నం వడ్డించుకుని పులుసు పూర్తిచేశాను. సీసాలో సగం మిగిలింది; రేపు మిరియాల కోడివేపుడు చేయాలి.