అవలానా, ఇంపాలానా?

2018లో అమ్మానాన్నలు గుంటూరు నుంచి డల్లాస్ వస్తున్నారనగానే మా పాత కరోలాకి రోజులు దగ్గరపడ్డాయి. ఎస్‌యూవీ తీసుకోమని అందరూ అన్నారు. నాకేమో పెద్ద సెడానే కావాలి. చివరికి రెండు మిగిలాయి: టొయోటా అవలాన్, షెవర్లే ఇంపాలా.

కాగితం మీద ఇంపాలాదే పైచేయి. 3.6 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్, 305 హార్స్‌పవర్. అవలాన్‌కి 3.5 లీటర్లు, 268. ఇంపాలా డిక్కీ 18.8 ఘనపుటడుగులు, అవలాన్‌ది 16. పైగా ఫోన్‌ని కారు స్క్రీన్ మీద వాడుకునే యాపిల్ కార్‌ప్లే ఇంపాలాలో ఉంది. ఆ ఏడాది అవలాన్‌లో అదీ లేదు, ఆండ్రాయిడ్ ఆటో కూడా లేదు. ఇంపాలాలో ఇంకో సరదా: బటన్ నొక్కితే స్క్రీన్ పైకి లేచి, వెనకాల చిన్న అర కనిపిస్తుంది. మావాడు దాన్ని పదిసార్లు లేపి దించాడు.

కానీ కారెక్కేది అమ్మ కదా, ఆవిడ వచ్చేదాకా ఆగాను. రెండింటి వెనక సీట్లోనూ కూర్చోబెట్టాను. ఇంపాలాలో "కూర్చోవడం బాగానే ఉంది, లేవడమెలాగరా?" అంటూ డోరు పట్టుకుంది. అవలాన్‌లోనూ మోకాళ్లు నొక్కుకుంటూనే లేచింది. అయితే దాని టెస్ట్ డ్రైవ్‌లో హైవే ఎక్కిన ఐదు నిమిషాలకే నిద్రపోయింది. నాన్న సైగ చేశారు, రేడియో ఆపమని.

అవలాన్ తీసుకున్నాం. అమ్మానాన్నల తిరుగు ప్రయాణంలో నాలుగు సూట్‌కేసులూ డిక్కీలో పట్టలేదు. ఒకటి వెనక సీట్లో అమ్మ పక్కనే కూర్చుంది.