కాగు పిట్ట కోసం న్యూ కలెడోనియా దాకా: నా అనుభవం

సిడ్నీ నుంచి న్యూ కలెడోనియా రాజధాని నుమేయాకు విమానంలో మూడు గంటలే. ఒక లాంగ్ వీకెండ్‌లో వెళ్లి, ఆ దీవిలో తప్ప ఎక్కడా కనిపించని ఎగరలేని పక్షి కాగును చూసి వచ్చేద్దామనుకుంటే వీసా దగ్గరే చుక్కలు కనిపించాయి. న్యూ కలెడోనియా ఫ్రాన్స్ పాలనలోనే ఉన్నా అక్కడ యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసా చెల్లదు. మావి ఇండియన్ పాస్‌పోర్టులు కాబట్టి ఆ దీవి పేరు మీద విడిగా వీసా తీసుకోవాలి. వీసా సెంటర్‌లో మా ఫైలు తీసుకున్నావిడ దాన్ని మామూలు షెంగెన్ కింద ఎక్కించేసింది. అది సరి చేయించేసరికి టికెట్లు మార్చుకోవాల్సి వచ్చింది. ఎందుకు వెళ్తున్నారని అడిగితే, ఒక పక్షిని చూడ్డానికని ఉన్నమాటే చెప్పాను. "ఒక్క పక్షికా?" అన్నారు. మా ఆవిడ ఇంట్లో అప్పటికే అదే ప్రశ్న వేసి ఉంది, ఇంకాస్త గట్టిగా.

ఈ పిట్ట మీద నాకు గురి కుదరడానికి కారణం బట్టమేక పిట్ట. మాది నందికొట్కూరు వైపు. రోళ్లపాడు అభయారణ్యంలో ఒకప్పుడు బట్టమేకలు తిరిగేవి, ఇప్పుడు అక్కడ వాటి జాడే గగనమైంది. దాని గురించి చదువుతుంటే, పాత పుస్తకాల్లో దాన్ని సారస పక్షుల క్రమంలో (దగ్గరి కుటుంబాలన్నీ కలిపిన పెద్ద వర్గాన్ని శాస్త్రంలో క్రమం అంటారు) పెట్టారని తెలిసింది. సారసాలు, నీటికోళ్లు, బట్టమేకలు, ఇంకా ఎక్కడా ఇమడని పక్షులన్నీ ఆ ఒక్క క్రమంలోనే. ఆ గుంపులో ఓ మూల కాగు కూడా ఉంది. జన్యు పరీక్షలు వచ్చాక బట్టమేకకు వేరే క్రమం ఇచ్చారు. మరి కాగు సంగతేమిటని అడిగితే, జవాబు అంత తేలిగ్గా దొరకలేదు.

1860లో ఫ్రెంచివాళ్లు దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. అప్పుడు కొంగల్లో లెక్కేశారు. తర్వాత సారసాల వైపు జరిపారు. దక్షిణ అమెరికా అడవుల్లో ఉండే సన్‌బిటర్న్‌తో పోలికలున్నాయని కొందరు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. కానీ మధ్యలో పసిఫిక్ మహాసముద్రం ఉందే!

2019లో వెళ్లాం. నుమేయా నుంచి రివియేర్ బ్లూ పార్కుకు కారులో గంట పైనే పట్టింది. నికెల్ ఖనిజానికి పేరుపడ్డ దీవి కదా, దారంతా ఎర్రమట్టి. యాతే ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన చెట్లు ఇప్పటికీ నీళ్లలో తెల్లగా మోళ్లై నిలబడి ఉన్నాయి. పెరిన్యాన్ చెక్క వంతెన దగ్గర కారు ఆపేయాలి, అక్కడి నుంచి షటిల్. మా గైడు పెద్ద కౌరి చెట్టుకు వెళ్లే బాట పక్కన దింపి, ఈలలు వేయొద్దు, వెతకొద్దు, ఊరికే నిలబడి కాలితో ఎండుటాకులు మెల్లగా కదపమన్నాడు. పురుగుల కోసం ఇంకో కాగు ఆకులు తిరగేస్తోందనుకుని అదే వస్తుందట.

వచ్చింది. పొదలోంచి బూడిద రంగు పక్షి ఒకటి, కోడిపెట్టంత, ఎర్రటి కాళ్లతో గబగబా నాలుగడుగులు వేసి ఠక్కున ఆగిపోయింది. నాకూ దానికీ మధ్య రెండు గజాలు కూడా లేవు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలి వేళ్లతో ఆకుల్ని వణికించినట్టు కదిపింది. ఒక్క పోటు పొడిచి వానపాముని లాగింది. ముక్కు రంధ్రాల మీద చిన్న చిన్న మూతలు స్పష్టంగా కనిపించాయి. మట్టిలో ముక్కు దూర్చినప్పుడు లోపలికి మట్టి పోకుండా అవి కాస్తాయంటారు. అలాంటి మూతలు మరే పక్షికీ లేవు. ఇంతలో ఇంకోటి వచ్చింది. రెండూ తలమీది తురాయి విప్పి, రెక్కలు చాచాయి. బూడిద పిట్టలో దాచిపెట్టినట్టు నలుపు, తెలుపు, ఇటుక రంగు చారలు! ఎగరలేని పక్షంటే రెక్కలు మొండిగా ఉంటాయనుకుంటాం. దీని రెక్కలు చాచితే ముప్పావు మీటరు పైనే. లేనిది వాటిని కొట్టే కండబలం. వాలులో కాసేపు తేలగలదు, అంతే.

అప్పుడనిపించింది, పాత శాస్త్రవేత్తల్ని చూసి నవ్వడానికి లేదని. నిలబడితే కొంగ, నడిస్తే నీటికోడి, ఆ తురాయి ఆట చూస్తే సారసం. ఒంటి మీద పొడిలా రాలే ఈకలు కూడా కొంగలకున్నట్టే ఉన్నాయి. కంటికి కనిపించేవాటితో తీర్పు చెప్పాల్సి వస్తే నేనైనా కొంగనే అనేవాణ్ణి.

జన్యువులు మాత్రం సన్‌బిటర్న్ వైపే మొగ్గాయి. ఇప్పుడు ఆ రెండింటికీ కలిపి ఒకే క్రమం. ఇక 2014లో 48 పక్షుల పూర్తి జీనోములు, అంటే మొత్తం జన్యు సమాచారం, పోల్చి చూసిన అధ్యయనంలో, సన్‌బిటర్న్‌కు దగ్గరి చుట్టంగా తేలింది సముద్రం మీద తిరిగే ట్రాపిక్ బర్డ్. ఎవరైనా ఊహిస్తారా? ఈ చుట్టరికమంతా కొంగలు, పెంగ్విన్లు ఉన్న నీటిపక్షుల గుంపు పక్కకు చేరింది కూడా. ఆ కొమ్మ పెద్ద చెట్టుకు సరిగ్గా ఎక్కడ అతుకుతుందో ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

కాగు, సన్‌బిటర్న్ ఒకప్పటి గోండ్వానా ఖండం విడిపోయినప్పుడు చెరో వైపు మిగిలాయనే కథ వినడానికి బాగుంటుంది. నాకు అంత నమ్మకం కలగలేదు. న్యూ కలెడోనియా చాలాకాలం సముద్రంలో మునిగి, సుమారు 3.7 కోట్ల ఏళ్ల కిందట పైకి తేలిందని ఎక్కువమంది భూగర్భ శాస్త్రవేత్తల మాట. అలాగైతే దీని పూర్వీకులు ఎగురుకుంటూ వచ్చి, దిగాక ఎగరడం మానుకుని ఉండాలి. పిల్లులూ కుక్కలూ లేని దీవిలో ఎగరాల్సిన పనేముంది?

మనుషుల వెంట దీవికి చేరిన ఆ కుక్కలే తర్వాత దీని ప్రాణం మీదికి వచ్చాయి. 1993లో పిక్ నింగువా కొండ దగ్గర పరిశోధకులు రేడియో ట్యాగులు కట్టిన కాగుల్లో ఎక్కువ వాటిని కొద్ది నెలల్లోనే కుక్కలు చంపేశాయి. కాగు గుడ్డు పెట్టేది ఒక్కసారికి ఒకటే, అంత నష్టం ఎప్పటికి పూడాలి? రివియేర్ బ్లూలో మాత్రం కుక్కల్ని, ఎలుకల్ని అదుపులో పెట్టాక సంఖ్య పెరుగుతూ వచ్చింది. మనిషిని చూసి బెదరకుండా కాళ్ల దగ్గరికొచ్చే పక్షిని కుక్క బారి నుంచి మనమే కాయాలి, అది తనంతట తాను పారిపోదు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. పార్కు సోమవారం మూసేస్తారు. తిండి మీరే పట్టుకెళ్లండి. తెల్లవారుజామున జంటలు కుక్కల్లా మొరుగుతూ కూస్తాయి, అది వినాలంటే పార్కులోనే క్యాంపింగ్ చేయాలి. వీసా ఫారంలో "న్యూ కలెడోనియా" అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే, వాళ్ల ముందే చూసుకోండి.